ఫస్టియర్ దేముడమ్మ

దొంగ కార్డు తెచ్చుకున్నా కాస్త సిగ్గుండాలి అనుకున్నాడు హరిబాబు.

కార్డు మీద కాలేజీ పేరుంది. బీఏ ఫస్టియర్ అనుంది. ప్రిన్సిపాల్ సంతకం, రబ్బరు స్టాంపు, ఫోన్ నంబరు అన్నీ బాగానే ఉన్నాయి. ఫొటోలో మాత్రం రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకున్న అరవయ్యేళ్ల ముసలమ్మ ఉంది.

తలెత్తి చూస్తే ఆ ముసలమ్మే కౌంటరు ముందు నించుని ఉంది. పక్కన కళ్లజోడు పెట్టుకుని, వీపుకి బ్యాగు తగిలించుకున్న అమ్మాయి.

"నా పేరు కీర్తండి. ఈవిడ మా అమ్మమ్మ, దేముడమ్మ. బుచ్చయ్యపేట నుంచి వచ్చేం. కాలేజీకి లాప్‌టాప్ కావాలి. స్టూడెంట్ డిస్కౌంట్ ఉందంట కదా?" అంది ఆ అమ్మాయి.

"నీకా?"

"నాకెందుకండీ? సదువుకుంటన్నది అమ్మమ్మ."

హరిబాబుకి నవ్వు తన్నుకొచ్చింది. ఆ వెనకే భయం కూడా వచ్చింది. స్టూడెంట్లకని కంపెనీ ఇచ్చే తగ్గింపు అంతా ఇంతా కాదు. దాని కోసం జనం ఆడే నాటకాలూ అంతా ఇంతా కాదు. కిందటి నెల టైల్స్ కొట్టు ఆసామి ఒకడు మేనల్లుడి కార్డు చూపించి లాప్‌టాప్ పట్టుకుపోయాడు. సంగతి కంపెనీకి తెలిసింది. ఇంకొక్క దొంగ స్టూడెంటుకి అమ్మితే డీలర్‌షిప్ పీకేస్తామని మెయిల్ పెట్టారు. ఆరేళ్లు కాళ్లరిగేలా తిరిగి చోడవరం మెయిన్ రోడ్డులో తెచ్చుకున్న డీలర్‌షిప్ అది. అది కాస్తా పోతే మళ్లీ బస్టాండు దగ్గర కూర్చుని సెల్‌ఫోన్లకి గ్లాసులు అంటించుకోవాలి.

"మామ్మా, నిజంగా నువ్వే కాలేజీకి ఎళ్తన్నావా?"

"ఎల్తన్నాను బాబూ. ఏటి, ఎల్లకూడదా?"

"అబ్బే, అలాగని కాదు. ఏటి సదువుతన్నావు?"

"ఇస్టరీ."

"అదే ఎందుకు తీసుకున్నావు?"

"జరిగిపోయిందైతే ఎవులూ మార్సలేరు. లెక్కలైతే రోజుకో రకంగా సెప్తారు."

హరిబాబు కార్డుని మరోసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి క్లాసులు బాగా జరుగుతున్నాయా?" అన్నాడు.

ఆ మాట అడిగిందే పాపం. ముసలమ్మ కొంగు నడుముకి దోపుకుంది.

"కిలాసులా? సెప్పీవోడు సెల్లు సూసుకుంటాడు, ఇనీవోళ్లు సెల్లు సూసుకుంటారు! ఎనక బెంచీలో గుంటలు గుర్రెట్టి నిద్దరోతన్నారు. బస్సు పాసు సూపిస్తే కండక్టరు ముఖం ముడిసేస్తన్నాడు. అటెండెన్సు తగ్గితే పరీచ్చకి రానివ్వరంట. నాట్లప్పుడు కూడా సెలవివ్వకపోతే ఎలాగ బాబూ?"

ఇలా మాట్లాడితే అమ్మమ్మకి నోరెండిపోతుందని కీర్తి సోడా కోసం బయటికెళ్లింది. హరిబాబుకి సగం అనుమానం పోయింది. ఇంత విసుగు స్టూడెంట్లకి తప్ప మరొకళ్లకి రాదు. అయినా ఒకసారి చేతులు కాల్చుకున్న మనిషి కదా, కార్డు మీది నంబరుకి ఫోన్ చేశాడు.

"దేముడమ్మ గారా? మా కాలేజీకే పేరండీ ఆవిడ! ఎప్పుడూ ఫస్టు బెంచీయే," అంది అవతల ఆఫీసు మేడమ్. ఆవిడ వెనకాల బస్సు హారన్ల మోతలో మిగతాది వినిపించలేదు.

హరిబాబుకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమాత్రం ఆలోచన ఉండొద్దూ? దొంగ కార్డు చేయించేవాళ్లు, పక్కన కాలేజీ వయసు పిల్లని పెట్టుకుని, కార్డు మీద ముసలమ్మ ఫొటో అంటిస్తారా? అంత తెలివితక్కువ దొంగ ఎక్కడైనా ఉంటాడా?

"తప్పయిపోయింది మామ్మా," అంటూ కుర్చీ వేశాడు. ధరల కాగితం చేతిలో పెట్టాడు.

"కళ్లజోడు ఇంటికాడ మర్సిపోనాను. నువ్వే సదువు బాబూ," అంది దేముడమ్మ.

హరిబాబు వినయంగా ఒక్కొక్కటీ చదివి వినిపించాడు. నల్లదాని మీద దుమ్ము కనిపిస్తుందని ఆమె వెండిరంగుది ఎంచింది. సోడాతో తిరిగొచ్చిన కీర్తి ఫోన్లో డబ్బు కట్టేసింది.

కౌంటర్లో పనిచేసే షిరీన్ ఇంటర్‌తో చదువు మానేసిన పిల్ల. చున్నీతో కళ్లొత్తుకుని, "రేపే డిగ్రీకి అప్లికేషన్ పెడతాను సార్," అంది. అది విని హరిబాబుకి పూనకం వచ్చినంత పనయింది. బ్యాగు ఉచితం అన్నాడు. మౌసు ఉచితం అన్నాడు. ఎదుటి బట్టల కొట్లోంచి శాలువా తెప్పించి ముసలమ్మకి కప్పాడు. లాప్‌టాప్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆమె ఒళ్లో ఉంచి ఫొటో తీశాడు. 'చోడవరం చదువుల తల్లి' అని కింద రాసి కంపెనీ ఆఫీసరుకి పంపాడు.

"సూపర్ హరిబాబూ! అన్ని షోరూముల్లోనూ ఈ ఫొటోనే పెట్టిస్తున్నాం," అని నిమిషంలో జవాబొచ్చింది.

ఆ ఊపులో స్టూడెంట్ బిల్లు కూడా ఆన్‌లైన్లో పంపేశాడు. ఒకసారి పంపితే ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. కీర్తి పెట్టె చంకన పెట్టుకుని ఆటో కోసం రోడ్డు మీదకెళ్లింది.

"అన్నట్టు మామ్మా, ఒక్కటి మర్చిపోయాను," అని హరిబాబు ఒక కాగితం తీశాడు. "నేను స్టూడెంటునే అని ఇక్కడ నువ్వో సంతకం పెట్టాలి. ఇదిగో, ఈ పెన్ను మా షాపు గుర్తుగా నువ్వే ఉంచుకో."

దేముడమ్మ పెన్నుని అటూ ఇటూ తిప్పి చూసింది. ముచ్చటపడి రొంటిన దోపుకుంది. తర్వాత శాలువాలోంచి ఎడం చెయ్యి బయటికి తీసి, బొటనవేలు చీరకి శుభ్రంగా తుడుచుకుని, హరిబాబు ముందుకి చాపింది.

"సిరా డబ్బా ఏదీ బాబూ?"