సోమవారం సీసా

పెద్దాయన సీసాను బల్ల మీద పెట్టాడు.

"పంపు అయిదు నిమిషాలు వదిలేశాకే పట్టానమ్మా," అన్నాడు.

కెమిస్టు తలెత్తలేదు. నది నుంచి నగరానికి వచ్చే నీళ్ళను పరీక్షించే ల్యాబ్ అది. అక్కడున్న ఒకే ఒక్క కెమిస్టు ఆమె.

ఆకుపచ్చ గాజు సీసా. లోపల ఒక్క గాలి బుడగ కూడా లేకుండా మూతదాకా నింపి ఉంది. మెడకు కట్టిన చీటీ మీద తేదీ, నీళ్ళు పట్టిన టైము. ఊరూ పేరూ లేవు. ఆమె అడగనూ లేదు.

ఏడాదిగా ప్రతి సోమవారం మధ్యాహ్నం ఇదే వరస. ఆయన రావడానికి రెండు బస్సులు మారాలట. మెట్లెక్కగానే ఆయాసం. మోచేతి దగ్గర ఎప్పుడూ ఓ ప్లాస్టరు ముక్క.

"ఈమధ్య నీళ్ళు మారాయమ్మా. కెటిల్ అడుగున సున్నం కొట్టినట్టుంది."

"చూస్తాంలెండి."

ఫిర్యాదులు ఆమెకు కొత్త కాదు. ఒకరికి సబ్బు నురగ రాదు, ఇంకొకరికి జుట్టు ఊడుతుంది, నేరం మాత్రం నదిది.

ఆయన పోయినసారి ఇచ్చిన ఖాళీ సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

"వారం తప్పని భక్తుడు మేడమ్ మీకు," అన్నాడు అటెండర్.

ఆమె నవ్వి, కొత్త సీసాను సింకులో వంచేసింది. కడిగి కిటికీలో బోర్లించింది. తర్వాత రిజిస్టర్ తెరిచింది.

నగరమంతటికీ పద్నాలుగు పాయింట్లు. వారానికోసారి తానే వెళ్ళి, పంపు తిప్పి, నీళ్ళు పట్టుకొచ్చి, వాటిలో సున్నం ఎంతుందో కొలిచి రాయాలి. పదమూడింటికి వెళ్ళేది. పద్నాలుగోది పైపులైను చిట్టచివర. రానూపోనూ మూడు గంటలు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే జ్వరం వచ్చింది. పద్నాలుగుకు పోలేక, పదమూడో పాయింటు అంకెకు రెండు కలిపి రాసేసింది. ఎవరూ అడగలేదు. ఆ ఒక్క వారానికి ఏడాది నిండింది.

ఆరోజూ రాసింది. నూట పన్నెండు.

మరుసటి సోమవారం పెద్దాయన రాలేదు.

"భక్తుడు అలిగాడు మేడమ్," అన్నాడు అటెండర్. సీసా కిటికీలోనే ఉండిపోయింది.

బుధవారం పొద్దున్నే పై ఆఫీసరు ఫోన్ చేశాడు.

పద్నాలుగో పాయింటు వీధిలో ఓ డయాలసిస్ సెంటరుంది. సోమవారం అక్కడ నలుగురికి వాంతులు, తలపోటు. ఒకరు పోయారు. నది తగ్గిందని చివరి లైనులో మూడు వారాలుగా బోరు నీళ్ళు కలుపుతున్నారట. సెంటరు వాళ్ళు నీళ్ళలో సున్నం తీసే యంత్రాన్ని ఎన్నాళ్ళకోసారి కడగాలో ల్యాబ్ అంకె చూసే నిర్ణయిస్తారు. ల్యాబ్ అంకె మారలేదు కనుక వాళ్ళూ మార్చలేదు.

"నిన్న వాళ్ళు కొలిపిస్తే నాలుగు వందలు దాటింది. మీ రిజిస్టర్లో నూట పన్నెండు. నీళ్ళు మీరే పట్టారా?"

"నేనే పట్టాను సార్."

అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలీదు.

విచారణ రేపే. పద్నాలుగో పంపున్న ఇంటి గేటు ఏ రంగని అడిగితే చెప్పడానికైనా ఓసారి చూసి రావాలి. ఖాళీ సీసా ఒకటి సంచిలో వేసుకుని బయల్దేరింది. పోయిన మనిషికి ఎంత వయసుంటుందోనన్న ఆలోచన దారంతా వదల్లేదు. వద్దనుకున్నకొద్దీ వచ్చింది.

రెండు బస్సులు మారింది.

గేటు నీలం రంగు. బార్లా తీసి ఉంది. వాకిట్లో గోడకు పంపు, దాని మీద తుప్పు పట్టిన రేకు ముక్క, దాని మీద 14.

లోపల్నుంచి నలభై ఏళ్ళావిడ వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ల్యాబ్ నుంచా అమ్మా?"

కెమిస్టు తలూపి పంపు తిప్పింది. సీసా కింద పెట్టబోయింది.

"అప్పుడే పట్టకండి. అయిదు నిమిషాలు వదలాలట. మా నాన్న చెప్పేవాడు."

కెమిస్టు చెయ్యి ఆగిపోయింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"మీకు ముందున్న సారు ఆయనకు చెప్పి వెళ్ళారట. ల్యాబు వాళ్ళెవరూ రాలేకపోతే మీరే పట్టి తెచ్చివ్వండి, పక్కన డయాలసిస్ సెంటరుంది, ఒక్క వారం కూడా తప్పకూడదు అని. ఈయనకూ అక్కడే కదా డయాలసిస్ చేసేది. ల్యాబులో పిల్ల ఒక్కతే చేసుకుంటోంది, ఇంతదూరం ఎక్కడొస్తుందిలే అనేవాడు."

ఆవిడ లోపలికెళ్ళి వచ్చింది.

"సోమవారం పొద్దున నీళ్ళు పట్టిపెట్టి మరీ సెంటరుకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఇది మీదే కదా, తీసుకెళ్ళండి."

మూతదాకా నింపిన ఆకుపచ్చ సీసా.

ఏడాదిగా ప్రతి సోమవారం ఆమె సింకులో వంచేసింది, తాను వచ్చి పట్టుకెళ్ళాల్సిన ఈ పద్నాలుగో పంపు నీళ్ళనే.