కొలత తప్పిన ఒళ్లు

"మళ్లీ పెట్టు టేపు" అన్నాడు మేనేజరు దినకరన్.

రోసిలి మళ్లీ పెట్టింది. ఛాతీ, నడుం, సీటు. మూడోసారీ అవే అంకెలు.

"నడుం దగ్గరే నాలుగంగుళాలు తేడా!" మేనేజరు చేతిలో కాయితాన్ని బల్లకేసి కొట్టాడు. "పోయిన ఆర్డరుకీ ఈ ఆర్డరుకీ మధ్య ఏం వెలగబెట్టావమ్మా? ఇంట్లో అద్దం లేదా నీకు?"

మరగదం బిగుతు బనీనులో, చేతులు కాస్త ఎడంగా పెట్టి, ఆరేళ్లుగా నిలబడినట్టే నిలబడింది. పళ్లు మాత్రం గట్టిగా కరుచుకుని ఉంది.

తిరుప్పూరులోని ఆ కంపెనీ బొద్దుగా ఉండే దొరసానులకు గౌన్లు కుట్టి పంపుతుంది. వేల గౌన్లు కోతకు వెళ్లేముందు మొదటిది మరగదం ఒంటి మీదికి ఎక్కాలి. ఏ మెడ పెడితే గొంతు పొడుగ్గా కనిపిస్తుంది, కుచ్చు ఎక్కడ పడితే పొట్ట మీదికి చూపు పోదు, సీటు వెడల్పున్న మనిషికి జేబు ఎక్కడుండాలి, ఇవన్నీ ఆమెను నిలబెట్టి, తిప్పి, వంచి తేలుస్తారు. అంతకుముందు కుట్టు లైనులో ఉన్నప్పుడు తోటివాళ్లు ఆమెను 'బస్తా' అనేవాళ్లు. దినకరన్ పైకి పిలిపించి ఈ పని ఇచ్చాక ఆ మాట ఆగింది. ఇప్పుడు బస్సులో ఎదురుగా ఏ ఆడమనిషి కూర్చున్నా, రవిక చెయ్యి ఎన్ని వేళ్లు దింపితే ఆమెకు బావుంటుందో మరగదం చూడగానే చెప్పేస్తుంది.

"పన్నెండు వేల గౌన్లు కోతకి కూర్చున్నాయి. పదకొండింటికి లండన్ నుంచి గౌన్లు కొనే ఆవిడ దిగుతోంది. ఆవిడ ఒప్పుకున్నది ఏ ఒంటిని? దీన్నా?" అని మేనేజరు ఎగిరాడు.

"మనిషి ఒళ్లు సార్. చెక్కబొమ్మ కాదు" అంది మరగదం.

"ఆ ఒంటికే జీతమిస్తున్నాం. నీ ఇష్టమొచ్చినట్టు ఉంచుకోడానికి అది నీ సొంతం కాదు."

మరగదం చెవులు భగ్గుమన్నాయి. "తాళి కట్టినాయన కూడా ఇంత మాట అనలేదు నన్ను."

"సార్, మీరు కాస్త బయటికెళ్లండి" అని రోసిలి మధ్యలోకి వచ్చింది. "పదకొండింటికల్లా నేను సర్దేస్తా."

రోసిలి కంపెనీలో అందరికంటే పాత టైలరు. తలుపు మూసి, రెండు తువ్వాళ్లు మడతపెట్టి మరగదం నడుం చుట్టూ కట్టింది. పిన్నీసులు గుచ్చింది.

"ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది. కానియ్యక్కా."

రోసిలి ముదురు నీలం గౌను తీసి పక్కన పడేసింది. నిలువు చారలది చూసి, అదీ పనికిరాదంది. లేత పసుపు మీద పెద్ద పెద్ద పూలున్నది తొడిగి, నడుం దగ్గర ఇంకో రెండు కుచ్చులు వేసింది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు చికిలించి చూసింది.

"పరవాలేదు. ఏమైందే నీకు? నాకైనా చెప్పు."

"ఏం కాలేదక్కా."

దొరసాని సమయానికే వచ్చింది. నవ్వింది. చుట్టూ తిరిగి చూసింది. చేతిలో ఉన్న పెన్నుతో మరగదం నడుం దగ్గర పొడిచింది. ఇంకోచోట పొడిచింది. తర్వాత చేత్తో తడిమింది. ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. దినకరన్ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అంది. మరగదానికి ఆ మాత్రం ఇంగ్లీషు తెలుసు. ఈ ఒంటికి మేం సంతకం పెట్టలేదు అంటోంది.

దొరసాని ఏసీ గదిలోకి వెళ్లేదాకా దినకరన్ ఆగాడు.

"సిగ్గులేదూ? గుడ్డలు చుట్టుకుని మోసం చేస్తావా? నెల గడువిస్తున్నా. పాత కొలతకి వచ్చావా, సరే. రాలేదా, గేటు దగ్గరికి కూడా రాకు. నీలాంటి ఒళ్లు ఈ ఊళ్లో వందున్నాయి."

మరగదం గౌను అక్కడికక్కడే తల మీంచి లాగేసింది. పిన్నీసు గీరుకుని చెయ్యి చురుక్కుమంది. పట్టించుకోలేదు. గౌను, తువ్వాళ్లు తెచ్చి అతని బల్ల మీద విసిరింది.

"ఆ వందలో ఒకదాన్ని తెచ్చుకోండి సార్. ఆరేళ్లు నా నడుం ఎలా ఉందో అడిగారు, నా సీటు ఎలా ఉందో అడిగారు. నేనెలా ఉన్నానని ఒక్కరోజు అడిగారా?"

"నెల గడువిచ్చినా పొగరు తగ్గలేదే!"

"నెలలో ఆ కొలత రాదు. నేను రానివ్వను."

పరదా వెనక చీర చుట్టుకుని విసవిసా మెట్లు దిగింది. రోసిలి వెంటపడి, గేటు దగ్గర ఆమె చెయ్యి దొరకబుచ్చుకుంది.

"పిచ్చిదానా, కోపంలో నీ కూడు నువ్వే తన్నుకుంటావా? ఒక్క నెల ఆయన చెప్పినట్టు వింటే ఏం పోతుందే?"

"పోతుందక్కా" అంది మరగదం. ఆ పైన ఇంకేం చెప్పలేదు. చెయ్యి విడిపించుకుని, కదులుతున్న కోయంబత్తూరు బస్సెక్కేసింది.

మధ్యాహ్నం అక్కడి పెద్దాసుపత్రిలో, బరువు యంత్రం దిగిన మరగదంతో డాక్టరు, "పదకొండు కిలోలు తగ్గారమ్మా, ఇంకో రెండు తగ్గితే చాలు, మీ కాలేయానికి పట్టిన కొవ్వు పోతుంది, అందులోంచి ముక్క తీసి మీ చెల్లెలికి పెట్టేయొచ్చు" అన్నాడు.