రెండో తలుపు

“మళ్ళీ ఎక్కమ్మా. ఈసారి కాస్త చురుగ్గా,” అన్నాడు మేజర్ రాడెక్, చేతిలో స్టాప్‌వాచ్ ఆడిస్తూ.

ఒట్టీలియా మళ్ళీ చెక్క బండిలోకి దిగింది. ఉక్కుతో చెయ్యబోయే ఫిరంగి బండికి ఇది చెక్క నమూనా. ట్యాంకు లాంటిదే గానీ పైన తిరిగే టరెట్ ఉండదు, ఫిరంగి తిన్నగా ముందు పలకలోంచే పొడుచుకొస్తుంది. టరెట్ లేకపోతే బండి త్వరగా తయారవుతుంది, బెర్లిన్ వాళ్ళకి కావలసిందీ అదే. లోపల మనిషి సంగతా, తర్వాత చూసుకోవచ్చు. ఫ్యాక్టరీలో మగాళ్ళని సైన్యం ఊడ్చుకుపోయింది కనక, వెల్డింగు చేసుకునే ఈవిడకి సైనికుడి చలికోటు తొడిగి కూర్చోబెట్టారు.

కూర్చోబెట్టింది ఫిరంగికి కుడిపక్కన, గుండ్లు అందించేవాడి సీట్లో. పైకొచ్చే తలుపేమో ఎడమపక్కన. బండి అంటుకుంటే ఆ మనిషి ఫిరంగి వెనకనుంచి పాక్కుంటూ రావాలి. పది లెక్కపెట్టేలోగా రాలేకపోతే కుడిపక్క రెండో తలుపు పెట్టి తీరాలని ఇంజనీరు ఫోల్క్‌మర్ పట్టు. తలుపంటే మళ్ళీ పని, మళ్ళీ ఆలస్యమని మేజర్ విసుగు.

నిజానికి ఒట్టీలియా పది అనేలోగా వచ్చేయగలదు. పొద్దున ఎవరూ లేనప్పుడు సరదాకి పాకి చూసింది, ఇట్టే ఇవతలికొచ్చి పడింది. కానీ ఆవిడ మొగుడు కోన్రాడ్ రష్యాలో ఇలాంటి బండిలోనే గుండ్లందిస్తున్నాడు. రేపు ఈ కొత్త బండీ అతనే ఎక్కొచ్చు. ఇవాళ తను చురుగ్గా బయటికొచ్చిందా, అతనికి తలుపుండదు. అంతే సంగతి.

“ఊఁ, కానీ,” అన్నాడు మేజర్.

ఆవిడ మోకాలు అడ్డం పెట్టుకుంది. కోటు మేకుకి తగిలించుకుంది. ఫిరంగి వెనక ఇరుక్కుని ఆయాసపడింది. గుండె దడదడలాడింది, అది మాత్రం నటన కాదు. కావాలని చేస్తోందని తెలిస్తే ద్రోహమంటారు, జైల్లో పడేస్తారు. ఆవిడ తల పైకొచ్చేసరికి పది ఎప్పుడో దాటిపోయింది.

“ఏవమ్మా, లోపల కునుకు తీశావా?” అన్నాడు మేజర్.

“మీరే ఓసారి దిగి చూడండయ్యా. ఎముకల గూడులా ఉన్న నాకే భుజాలు పట్టి చావట్లేదు. మగాడి భుజాలెలా పడతాయి? వాడక్కడే కాలిపోతాడు.”

ఫోల్క్‌మర్ ఊపిరి బిగబట్టాడు. మేజర్‌తో అలా మాట్లాడినవాళ్ళని అతనింతవరకూ చూడలేదు. మేజర్ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, టోపీ తీసి పక్కనపెట్టి, తనే లోపలికి దిగాడు. కాసేపు చెక్క కిర్రుమంది, తిట్లు వినిపించాయి. చివరికి ఫోల్క్‌మర్ కాలరు పట్టుకుని లాగితే గానీ బయటపడలేదు.

“ఈవిడ చెప్పింది నిజమే,” అన్నాడు మేజర్ రొప్పుతూ. “ఎదిగిన మగాడు రాలేడు.”

ఒట్టీలియాకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కోన్రాడ్ బతికిపోయాడనుకుంది.

“అయితే రెండో తలుపు పెట్టించమంటారా?” అన్నాడు ఫోల్క్‌మర్.

“తలుపెందుకయ్యా? చిక్కు బండితో కాదు, భుజాలతో. భుజాలింకా విచ్చుకోని కుర్రాళ్ళని ఆ సీట్లో కూర్చోబెడితే సరి. ఇవాళే మొదలుపెడదాం. మీ దగ్గర పదిహేడేళ్ళ వాళ్ళెవరైనా ఉన్నారా?”

ఫోల్క్‌మర్ పక్కనున్న టోపీ తీసి మేజర్‌కి అందించాడు. మేజర్ మళ్ళీ అడిగాడు.

“ఒక్కడున్నాడండీ. ఈవిడ కొడుకే.”