నల్ల చేపల బకెట్టు

ప్రేమదాసు ఆ మనిషి చేతిలోని బకెట్టు లాక్కున్నాడు.

"ఎవరి చెరువనుకున్నవన్న ఇది?"

ఆ మనిషికి అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, చేతిలో చిన్న వల. కొన్నాళ్లుగా ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద చిన్న మంగళారం చెరువుకు వస్తున్నాడు. తూము రాళ్ల దగ్గర దొరికినవి బకెట్టులో వేసుకుని మొయినాబాద్ వైపు వెళ్లిపోతున్నాడు. ఊళ్లో అందరూ 'చేపల దొంగ' అనే అంటున్నారు.

చెరువులో చేపల హక్కు ప్రేమదాసు వాళ్ల సంఘానిది. భార్య సంగమ్మ రోడ్డు పక్కన కూర్చుని కొర్రమీను అమ్మితేనే వాళ్లింట్లో పొయ్యి వెలిగేది.

బకెట్టులోకి తొంగి చూశాడు. కొర్రమీను ఒక్కటీ లేదు. ఒళ్లంతా గరుకుగా, మచ్చలతో ఉన్న నల్ల చేపలు.

వీటిని గండిపేట ఫ్లాట్లలో గాజు తొట్లలో పెంచుకుంటారని, పెద్దవయ్యాక తెచ్చి చెరువుల్లో వదిలేస్తున్నారని ఆ మనిషి చెప్పాడు. ఇవి మిగతా చేపల గుడ్లు తినేస్తాయట.

"వీటిని నీళ్లల్ల ఉండనియ్యకు తమ్మీ. నీ కొర్రమీను మిగలది."

ప్రేమదాసుకు నవ్వొచ్చింది. ఎక్కడి మనిషికో తన కొర్రమీను మీద అంత ప్రేమెందుకు? కొత్తగా దిగిన సాఫ్ట్‌వేరు వాళ్లు దేనికైనా డబ్బు పెడతారు. వీటికి మంచి గిరాకీ ఉండే ఉంటుంది, అందుకే ముసలాయన తీయటి కబుర్లు చెబుతున్నాడు అనుకున్నాడు. బకెట్టును చెరువులో బోర్లించాడు.

"మల్ల ఈడ కనవడకు."

ఆ మనిషి చేపలు మునిగిన చోటు వైపు దిగులుగా చూసి స్కూటరెక్కాడు.

నల్ల చేపల్ని పెరగనిచ్చి తానే అమ్ముకుందామని ప్రేమదాసు లెక్కేశాడు. వలలో పడ్డ ప్రతిదాన్నీ పసిబిడ్డను దించినట్టు నీళ్లలోకి దించాడు.

మరుసటి వానాకాలానికి వాటి ముళ్లకు వలలు చినిగిపోయాయి. లాగితే అన్నీ నల్లవే. వాటిని ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాళ్లు లేరు. కొర్రమీను కంటబడటమే గగనమైంది. రోజూ ఖాళీ గంపతో తిరిగొచ్చే సంగమ్మ ఆ పెద్దమనిషిని వెతికి కాళ్లు పట్టుకొమ్మని మొగుణ్ణి పోరింది.

మొయినాబాద్‌లో ఆ స్కూటరు ఒక కిరాణా దుకాణం ముందు కనిపించింది. దుకాణం ముకుందం సేటుదట. సేటు నిద్ర లేవలేదు, గల్లా దగ్గర భార్య కృష్ణవేణి ఉంది. ప్రేమదాసు నసుగుతూ చేపల సంగతి ఎత్తాడు.

ఆమె అతణ్ణి ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ పెద్ద సిమెంటు తొట్టి, దాని నిండా నల్ల చేపలు. దోసకాయ ముక్కలు వేస్తే చుట్టూ మూగాయి.

"మా మనుమరాలి చేప పెద్దగైతే ఈయననే దాన్ని మీ చెరువుల ఇడిచిండు. తర్వాత సంగతి తెల్సి, అన్నం సయించలే" అంది కృష్ణవేణి. "నువ్వు రావొద్దన్నప్పటి నుంచి మల్ల అదే ఫికరు."

ప్రేమదాసుకు గుండె తేలికపడింది. అమ్ముకోవడానికి కాదు, ఇంట్లో తినడానికే దాచుకున్నాడన్నమాట. ఈ ఆదివారం సేటును తప్పక పంపమని, చెరువును ఇద్దరం కలిసి బాగు చేసుకుంటామని బతిమాలాడు. ఆమె సంతోషంగా సరేనంది.

"గీ ముండ్ల చేపలేం తింటరమ్మా. మంచి కొర్రమీను పడంగనే మొదటిది మీ ఇంటికే తెస్త."

కృష్ణవేణి పకపకా నవ్వింది.

"మా ఇంట్ల కోడిగుడ్డు గూడ రాదు తమ్మీ. పుట్టినకాన్నుంచి ఆయన చేప ముట్టలే, సంపనీకె చేతులు రాకనే గిట్ల సాకుతున్నడు."