రెండు ఊళ్ళు, ఒక కుర్చీ

“ఆ గది తీసుకోకమ్మాయ్.”

మెట్లు ఎక్కబోతున్న అమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

కింద నడివయసు దాటిన ఒకావిడ రొప్పుతూ నిలబడి ఉంది.

“ఎండాకాలం అందులో ఉడికిపోతావు, వానాకాలం గోడలు కారతాయి. ఈ వీధి చివర టైలరమ్మ ఇల్లుంది. మేడ మీద గది ఖాళీ అవుతోంది, వెళ్ళి అడుగు.”

“మీరెవరండీ?”

“ఎవరైతేనేం లే.”

ఇళ్ళ బ్రోకరన్నమాట. కొత్త మొహం కనిపిస్తే చాలు, వాలిపోతారు.

అసలు ఈ ఊళ్ళో ఉంటుందో లేదో అమ్మాయికే తెలియదు. ఆమెది కట్టుడుపళ్ళు తయారుచేసే పని. రేవు పట్నంలో ఒక ల్యాబు వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. వస్తుందో రాదో ఈ సాయంత్రంలోగా చెప్పాలి. మనసు మాత్రం ఈ ఊరి మీదే ఉంది. పని నేర్చుకోవాలంటే ఇక్కడి ల్యాబులోనే నేర్చుకోవాలని అందరూ అంటారు.

పొద్దున ఆ ల్యాబుకు వెళ్ళి, మాస్కులూ కళ్ళకు పెద్ద పెద్ద అద్దాలూ పెట్టుకున్న మనుషుల మధ్య కూర్చుని ఒక పళ్ళ సెట్టు చేసిచ్చింది. రేవు పట్నం సంగతి కూడా ఓనరుకు చెప్పింది.

“సాయంత్రం ఫోన్ చేస్తాను,” అన్నాడాయన, అంతే.

ఆ ఫోన్ రాకముందే రేవు పట్నం వాళ్ళను వద్దనుకుని, ఇక్కడ కూడా కుదరకపోతే? పెదనాన్న ఇనప కొట్లో కూర్చుని మేకులు తూచాల్సిందేనని నాన్న తేల్చి చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి.

గది చూసింది. గోడల మీద తడి మరకలు నిజమే.

కిందికి దిగేసరికి ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

“చూశావా? నేను చెప్పలా?”

అమ్మాయి తల తిప్పుకుని నడిచింది. వెనక అడుగుల చప్పుడు. వేగం పెంచితే అదీ పెరిగింది.

“ఆగమ్మా, ఒక్క మాట! రేవు పట్నం వాళ్ళకి అప్పుడే సరే అనకు.”

అమ్మాయి ఠక్కున ఆగి వెనక్కి తిరిగింది.

“ఆ సంగతి మీకెలా తెలుసు?”

ఆవిడ నాలిక కరుచుకుంది.

“తెలుసులే. సాయంత్రం దాకా ఓపిక పట్టు. అంతకంటే నన్నేమీ అడక్కు.”

“పొద్దుట్నుంచీ నా వెంట పడుతున్నారా? నేను మాట్లాడేవన్నీ వింటున్నారా?”

“అయ్యో, అది కాదు తల్లీ...”

ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. ఆ చెయ్యి బ్యాగు పట్టీకి తగిలింది.

“దొంగ! వదులు నా బ్యాగు!”

వీధి వీధంతా వాళ్ళ వైపు తిరిగింది. పళ్ళ బండి అతను వచ్చాడు. సైకిలు మీద పోతున్న పెద్దమనిషి దిగి, “ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధమ్మా?” అన్నాడు.

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎవరి వంకా చూడకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

అమ్మాయి బస్ స్టాపులో బెంచీ మీద కూలబడింది. ఛీ, ఇదేం ఊరు!

ఇంతలో రేవు పట్నం నుంచి ఫోన్.

“ఏమ్మా, ఏం తేల్చుకున్నావ్?”

“సాయంత్రం దాకా టైముంది కదండీ.”

“ఇక్కడ ఇంకొకాయన ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడే చెప్పెయ్.”

సరే అనే మాట నోటి దాకా వచ్చింది.

“ఒక్క అరగంట సార్, ప్లీజ్.”

ఎందుకలా అందో ఆమెకే అర్థం కాలేదు. ఆపైన కూర్చోలేక, నిలబడలేక, ఫోన్ వంక చూస్తూ గోళ్ళు కొరుక్కుంది. అరగంట అయిపోవచ్చింది. ఇక లాభం లేదని రేవు పట్నం నంబరు నొక్కబోతుంటే ఫోన్ మోగింది.

ఓనరు.

“సోమవారం వచ్చెయ్యమ్మా.”

బస్ స్టాపులో అందరూ చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చేసింది.

సోమవారం ల్యాబులో ఆమెకు కిటికీ పక్క కుర్చీ చూపించారు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన. అక్కడ అందరికీ ఆయన బాబాయే. ఎందుకో ఆయన మొహం ముడుచుకుని ఉన్నాడు.

“బాబాయ్ గారూ, ఓనరు గారికి నా పని అంత నచ్చిందాండీ?” అనడిగింది హుషారుగా.

“ఆయనకేం తెలుసు పళ్ళ సంగతి! ఇక్కడి పద్ధతి వేరు. ఏ కుర్చీలోకి మనిషి కావాలో, ఆ కుర్చీలో ఉన్నవాళ్ళే పని చూసి చెప్పాలి.”

“అంటే... ఇది ఖాళీ కుర్చీ కాదా?”

“ఎక్కడి ఖాళీ? ఇందులో కూర్చునే ఆవిడా నువ్వూ, మీ ఇద్దరిలో ఒక్కరినే ఉంచుతానన్నాడు. ఆవిడకీ తెలుసు ఆ సంగతి. నువ్వు వెళ్ళగానే, ఈ పిల్ల తొందరపడి రేవు పట్నం పోతుందేమో, ఒక మాట చెప్పొస్తానని అన్నం కూడా తినకుండా నీ వెనకే పరిగెత్తింది. కలిసిందా?”

అమ్మాయి చెయ్యి బ్యాగు పట్టీ మీదికి వెళ్ళింది.

“తిరిగొచ్చి ఒకటే ఏడుపు. వీధిలో దొంగనన్నారు బాబాయ్ అంది. ఎవరన్నారంటే మాత్రం చెప్పలేదు.”

“ఆవిడ ఇల్లెక్కడండీ?” అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. “ఇప్పుడే వెళ్తాను. కాళ్ళ మీద పడతాను.”

“నిన్ననే టైలరమ్మ మేడ మీది గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎక్కడ పని దొరికితే అదే నా ఊరంది. ఫోన్ ఎత్తడం లేదు.”

అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది. ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోవడానికి ధైర్యం చాల్లేదు.

“ఓనరు గారితో... నా గురించి ఏమన్నారండీ?”

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“అంత ఏడుపులోనూ లేచి మొహం కడుక్కుని, నువ్వు చేసిన సెట్టు వెలుతుర్లో తిప్పి తిప్పి చూసి, నాకంటే బాగా చేసింది, నా కుర్చీ ఆ పిల్లకే ఇవ్వండి అంది.”