క్యాసెట్ రెండో వైపు

"డ్రమ్ములు వాయించినన్నాళ్ళూ ఈ క్యాసెట్టువాడు మొనగాడు. మైకు పట్టుకున్నాడు, చెడ్డాడు" అన్నాడు క్రేన్ ఆపరేటర్.

పెద్దాయన తింటున్న డబ్బా కింద పెట్టాడు. ఈ షెడ్డులో తింటూ ఎవరూ మాట్లాడరు. మాట కావాలంటే చెంచా వదలాల్సిందే.

"పాటంటే నీకేం తెలుసురా? ఆ మనిషికి రావలసిన పేరులో పావు వంతు కూడా రాలేదు."

"రాకపోవడమేం బాబాయ్, ఊరూరా వచ్చింది! గుర్రాన్ని బాగా తోలుతున్నాడని బండికి వాణ్ణే కట్టినట్టుందని జనం పడీ పడీ నవ్వలా?"

చుట్టూ ఉన్నవాళ్ళు బల్లలు చరిచారు. చేతులు కాలి రెండింటికీ కట్లు కట్టించుకున్న ఫిట్టర్ మాత్రం ఊరికే కూర్చున్నాడు. పాపం, వాదనలో దిగే యోగం లేదు వాడికి.

బాయిలర్లు చేసే షెడ్డు అది. గేటు మూసింది మొదలు తీసేదాకా ఇనుము మీద సుత్తే. మధ్యలో ఈ గదిలో కాసేపు విరామం. కిటికీ లేదు. ఒక్క బల్బు. మూలన మనిషెత్తు పాటల పెట్టె. వెనకటి సమ్మెలో కార్మికులు అడిగింది ఒకటి, యాజమాన్యం విదిల్చింది ఇది. అడిగింది మాత్రం ఈనాటికీ ఇవ్వలేదు.

ఉన్నది ఒకటే క్యాసెట్. మొదటి వైపు, అతను రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయించిన రోజులవి. అది పెట్టారంటే పెట్టెకు వీపు ఆనించి కూర్చోడానికి తోపులాట. వాల్యూమ్ ఎప్పుడూ చివరికే. రెండో వైపు, బ్యాండు వదిలి ఒంటరిగా పాడిన పాప్ పాటలు. అది పెడితే పెట్టె దగ్గర పెద్దాయన ఒక్కడే మిగులుతాడు.

ఆయనకీ కారణం ఉంది. ఆ మనిషి మొదటిసారి మైకు ముందుకొచ్చినప్పుడు, వానలో, జనంలో, పెళ్ళాం పక్కన నిలబడి విన్నాడు. జనం ఈలలేసి దిగిపొమ్మన్నారు. ఆవిడ ఒక్కతే చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చి అదే పాట గిన్నెలు తోముతూ పాడింది, బట్టలు ఆరేస్తూ పాడింది, జబ్బుపడి మంచమెక్కాక కూడా పాడింది. ఇప్పుడు ఆవిడ లేదు. మిగిలిందల్లా క్యాసెట్ రెండో వైపు.

"ఇవాళ తేల్చాలి బాబాయ్" అన్నాడు క్రేన్ ఆపరేటర్. "నీ ఒక్కడి కోసం రోజూ సగం విరామం మట్టిగొట్టుకుపోతోంది. అందులో ఏముందయ్యా? ఉత్త గాలి!"

"మనసు పెట్టాలిరా దున్నపోతా."

"సరే, మనసున్నవాళ్ళనే అడుగుదాం. కొత్తమ్మాయి చెబుతుంది. బాగుందంటే నీ రెండో వైపు నీకు. లేదంటే ఇక ఆ వైపు తిప్పేది లేదు, నువ్వు ఏడ్చినా సరే."

అందరూ కొత్తమ్మాయి వైపు తిరిగారు. వెల్డింగు పనిలో చేరి వారం కాలేదు. వీళ్ళ మాటలు సగమే పట్టుబడ్డాయి ఆమెకి. ఇంకోసారి చెప్పమంటే క్రేన్ ఆపరేటర్ ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు. తీర్పు చెప్పగలిగేది ఆమె ఒక్కతేనన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు.

పెద్దాయన ఆమె దగ్గరకొచ్చాడు. "చూడమ్మాయ్, మొహమాటపడకు. మూడో పాట. మీ పిన్ని పాట అది."

క్యాసెట్ తిప్పి పెట్టాడు. బటన్ నొక్కాడు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఆమె వింది.

సర్రుమని గాలి. ఇంకేం లేదు. ఇంకాస్త ఆగి చూసింది. ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ లాగారు. చెంచా డబ్బాకి తగిలింది. అరచేతులతో బల్ల మీద నాలుగు చరుపులు.

ఆమెకి అర్థమైంది. ఎప్పుడో ఎవరో ప్లే బటనుతో పాటు పక్కనున్న ఎర్ర బటను కూడా నొక్కేశారు. పాట చెరిగిపోయింది. దాని మీద ఈ గదే రికార్డయి కూర్చుంది. ఇంతమంది ఉన్న గది, ఇన్ని వాదనలు జరిగే గది. క్యాసెట్‌లో ఒక్క మాట లేదు.

పెద్దాయన పెదవులు కదులుతున్నాయి. పల్లవి అయింది కాబోలు, ఊపిరి తీసుకుని చరణం అందుకున్నాడు. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఊఁ, చెప్పమ్మాయ్" అన్నాడు క్రేన్ ఆపరేటర్. "ఉందా ఏమన్నా?"

నిజం చెబితే పాట పోతుంది. పాట పోతే ఆ ఇల్లాలు రెండోసారి పోతుంది. అబద్ధం చెబితే? ఏమీ రాదు. పోయిన పాట తిరిగి రాదు, పోయిన మనిషీ రాదు.

ఆమె పెద్దాయన భుజం తట్టింది. ఆయన కళ్ళు తెరిచి ఆమె వైపు చూసేదాకా ఆగింది. అప్పుడు కొత్తగా నేర్చుకున్న నాలుగు మాటలూ కూడదీసుకుని చేతులతో చెప్పింది.

"ఇంత బాగా పాడినవాడు ఇంకొకడు లేడు."

పెద్దాయన క్రేన్ ఆపరేటర్ వైపు తిరిగాడు. గుండె మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డాడు.

"సర్లే బాబాయ్, గెలిచావ్" అన్నాడు క్రేన్ ఆపరేటర్. "నీ గొంతుగాణ్ణి నువ్వే ఊరేగించుకో."

ఫోర్‌మన్ లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించాడు. విరామం అయిపోయింది. డబ్బాలకి మూతలు పడ్డాయి. సమ్మెలో అడిగిన చెవి బిరడాలు లేకుండానే ఒకరి వెనక ఒకరు షెడ్డులోకి నడిచారు.

సుత్తులు మొదలయ్యాయి, అంతమందిలో ఆ మోత ఇంకా చెవిన పడుతున్నది ఆమె ఒక్కదానికే, అదీ కొత్తగా చేరింది కాబట్టి.