మూడు మెలికలు

జీపు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపించాయి.

కొండ దారి గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి, తను నడిపే ఆ జీపు వైపు వస్తున్న నర్సమ్మ ఒక్క పరుగు తీసింది.

వెనక సీట్లో నిండు గర్భిణి నొప్పులు పడుతోంది. ఆసుపత్రి కొండ కింద ఉంది. మధ్యలో పదకొండు మలుపులు.

"ఎవర్రా అది! వాచ్‌మన్, ఇటు రా!"

ఈగలు తోలుకోవడం తప్ప పనిలేని వాచ్‌మన్‌కి ఇవాళ దొంగ దొరికాడు. కాళ్ళు పట్టి బయటికి లాగాడు.

ముసలాయన. ఒళ్ళంతా మట్టి. పట్టకారు పట్టుకున్న చెయ్యి గడగడా వణుకుతోంది.

"ఏం కోశావ్?"

"కొయ్యలేదమ్మా..."

"పొద్దున్నే స్టీరింగు సర్వీసు చేయించిన బండి. మా మెకానిక్కు చెయ్యి పడ్డాక నీకేం పని దాని కింద?"

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"ఇప్పుడు బాగానే ఉందమ్మా. భయం లేకుండా వెళ్ళు."

ఆ మాటకే ఆమెకి మరింత భయం వేసింది.

వాచ్‌మన్ ముసలాయన చెంప ఛెళ్ళుమనిపించాడు. "నెల నుంచీ ఇక్కడే బళ్ళ కింద తొంగి చూస్తున్నాడండీ. పిచ్చోడనుకున్నా. మీరెళ్ళండి, వీణ్ణి ఏదో బస్సెక్కించి తరిమేస్తా."

"అక్కా, ఇంక నావల్ల కాదు!" వెనక నుంచి కేక.

నర్సమ్మ బ్రేకు తొక్కి చూసింది. పడింది. స్టీరింగు తిప్పి చూసింది. తిరిగింది. అయినా నమ్మకం కుదరలేదు. కానీ ఆగితే రెండు ప్రాణాలు పోతాయి.

జీపు కొండ దిగుతోంది. ఎడమ పక్క లోయ. ప్రతి మలుపుకీ ముందే బ్రేకు తొక్కి చూసుకుంటోంది. ఏం కోశాడో, ఎక్కడ తెగుతుందో!

ఏడో మలుపులో ముందు చక్రం గోతిలో పడి ఎగిరింది. కింద ఏదో టక్కుమంది.

అయిపోయాం అనుకుంటూనే స్టీరింగు తిప్పింది.

జీపు మలుపు తిరిగింది.

ఆసుపత్రిలో గర్భిణిని లోపలికి తీసుకెళ్ళగానే మెకానిక్కుకి ఫోన్ చేసింది. అతను బైకు వేసుకుని ఆఘమేఘాల మీద వచ్చి జీపు కింద దూరాడు.

"బ్రేకు పైపులు బాగానే ఉన్నాయి మేడమ్."

ముందు చక్రాల వైపు జరిగి చటుక్కున ఆగాడు.

"ఏమైంది?"

అతను బయటికి వచ్చి చొక్కా జేబు తడుముకున్నాడు. అందులోంచి వేలెడంత ఇనప పిన్ను తీశాడు.

"చక్రాల్ని తిప్పే రాడ్డు నట్టుకి ఇది గుచ్చాలి. లేకపోతే కుదుపులకి నట్టు ఊడిపోతుంది. ఆ తర్వాత స్టీరింగు తిప్పినా చక్రం తిరగదు. మధ్యలో ఫోనొచ్చింది... మరిచిపోయాను మేడమ్."

"మరి మేమెలా బతికాం?"

"ఆ చిల్లులో ఎవరో తీగ దూర్చారు. మూడు మెలికలు తిప్పి, రేపు విప్పేవాడి వేలికి గుచ్చుకోకుండా కొసని లోపలికి మడిచారు."

లోపల పసిబిడ్డ కేరుమంది.

నర్సమ్మ గేటు దగ్గర జరిగిందంతా చెప్పింది. చెంపదెబ్బ దగ్గరికి వచ్చేసరికి తల దించుకుంది.

"ఏ బస్సెక్కించారు?"

"నేను చూళ్ళేదు."

"ఆయన చేతులు వణుకుతున్నాయా?"

"అవును. దొరికిపోయి వణుకుతున్నాడనుకున్నా."

మెకానిక్కు జీపు చక్రాన్ని పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"అలా వణుకుతున్నాయనే నెల కిందట షాపులోంచి పొమ్మన్నాను మేడమ్... ఇల్లు కూడా వదిలేసి వెళ్ళిపోయాడు మా నాన్న."